మూడోసారి పట్టిన పురుగు

కంప్యూటర్ల షాపు షట్టరెత్తగానే రిపేరక్క చేసే మొదటి పని కిటికీ తెరవడం. వైరస్ పట్టిన కంప్యూటర్ని శుభ్రం చేస్తే లోపలి పురుగు ఫ్యాను సందులోంచి బయటికొచ్చి, తనను పంపినవాళ్ళ దగ్గరికి ఎగిరిపోతుంది. కిటికీ మూసుంటే అద్దానికి తల బాదుకుంటూ రోజంతా ఒకటే రొద. ప్రకటనలు కురిపించేవి ఈగలంత ఉంటాయి, పాస్‌వర్డులు కాజేసేవి బొద్దింకలంత. "పాపం, ఎంత దూరం పోవాలో" అనుకుని షాపులో ఎవరి పని వాళ్ళు చూసుకునేవారు.

ఆ రోజు మాత్రం ఆమెకు జాలిపడే ఓపిక లేదు. పెళ్ళయ్యాక బడి మానేసిన లెక్కల టీచరమ్మ ల్యాప్‌టాప్ మళ్ళీ వచ్చింది. ముందు రెండుసార్లూ టీచరమ్మ ఒక్కతే వచ్చింది, పురుగు బుద్ధిగా కిటికీలోంచి వెళ్ళిపోయింది. ఈసారి భర్త కూడా వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"నేనేమీ నొక్కలేదక్కా, ఒట్టు," అంది టీచరమ్మ. "వేరే ఊరి కాలేజీ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. నేను చూసేలోపే ఎవరో ఆ మెయిల్ తెరిచి, నాకు కుదరదని నా పేరుతోనే జవాబిచ్చేశారు! బతిమాలితే ఇవాళ మధ్యాహ్నం వీడియోలో మాట్లాడతామన్నారు."

"రెండుసార్లు మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించాను కదమ్మా! నా పనే చెడిందో, మీరే ఏ చెత్తో తెరుస్తున్నారో!"

"ఈ డొక్కు పెట్టె అమ్మేద్దామంటే వినదండీ," అన్నాడు భర్త. "అయినా ఇంట్లో ఏం తక్కువైందని ఉద్యోగం?"

రిపేరక్కకు ఒళ్ళు మండింది. స్కాన్ పెడితే అంతా బాగానే ఉందని చూపించింది. నడుస్తున్న ప్రోగ్రాముల్ని ఒక్కొక్కటే విప్పి చూసింది. ప్రింటర్ పేరు పెట్టుకుని ఒకటి నక్కి ఉంది. టీచరమ్మకు ప్రింటరే లేదు. ఆమె కొట్టిన ప్రతి అక్షరాన్నీ అది ఎక్కడికో మోస్తోంది. ఆపితే లేస్తోంది, తీసేస్తే మళ్ళీ పుడుతోంది. "నీ దుంప తెగ!" అని తిట్టుకుంటూ, పెన్‌డ్రైవ్‌లోంచి మెషీన్ని నడిపించి, దాన్ని వేళ్ళతో సహా పెరికేసింది.

ఫ్యాను సందులోంచి నల్లటి పురుగు పాకుతూ వచ్చి, రెక్కలు విదిల్చుకుని లేచింది. కిటికీ బార్లా తెరిచే ఉంది. పురుగు అటు వెళ్ళలేదు. గదంతా ఒక చుట్టు చుట్టి, బెంచీ మీది మనిషి చొక్కా జేబు మీద వాలింది.

ఆయన దులుపుకున్నాడు. మళ్ళీ వాలింది. లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. వెంటే వెళ్ళింది.

"పురుగే కదా," అని నవ్వబోయాడు. "దానికేం తెలుసు?"

టీచరమ్మ ఆయన జేబు వంకే చూసింది.

"నీ మంచికే చేశానే," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "పద, బండి తీస్తాను."

టీచరమ్మ ల్యాప్‌టాప్‌ని గుండెలకు హత్తుకుంది. "మీరు వెళ్ళండి. నాకు పనుంది."

పురుగును జేబు మీద మోసుకుంటూనే ఆయన వెళ్ళిపోయాడు.

రిపేరక్క తన కంప్యూటర్లో ఆమె చేత పాస్‌వర్డులన్నీ మార్పించి, లోపలి గది చూపించింది. "తలుపేసుకోండి. ఇక్కడికెవరూ రారు."

మధ్యాహ్నం ఎవరో పెద్దగా మాట్లాడుతూ షాపులోకి రాబోతే, రిపేరక్క పెదాల మీద వేలు పెట్టి బయటే నిలబెట్టింది. తలుపు అవతల టీచరమ్మ గొంతు మొదట తడబడింది. తర్వాత బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డట్టు గట్టిపడింది. చివర్లో వాళ్ళేదో అడిగినట్టున్నారు.

"రేపే చేరతానండీ," అంటోంది టీచరమ్మ. "లేదండీ, ఇంట్లో ఎవర్నీ అడగక్కర్లేదు."