అబూ ఫహద్ పూచీ

ఇస్సాక్ చేసే ఉద్యోగం ఏమిటో పాలకొల్లులో ఉన్న బావమరిది నోయెల్‌కి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు. గ్యాసు పైపులైను వేసే కంపెనీలో పనే, కానీ పైపు ముట్టుకోడు. పైపు రాకముందే పొలాల వాళ్ల దగ్గరికీ, గొర్రెల మందలవాళ్ల దగ్గరికీ వెళ్లి, కూర్చుని, కబుర్లు చెప్పి, లైను వాళ్ల నేలలోంచి పోవడానికి ఒప్పించి, ఎర్ర జెండాల కర్రలు పాతించి వస్తాడు. "అయితే బ్రోకరా బావా?" అన్నాడు నోయెల్. ఇస్సాక్‌కి ఒళ్లు మండింది. కాదన్నాడు గానీ మరేమిటో చెప్పలేకపోయాడు.

అల్ ఖర్జ్ దాటి, పాల డెయిరీల వాసన తగ్గి ఇసుక మొదలయ్యే చోట అతని క్యాంపు. పెళ్లాం రూతు రియాద్‌లో నర్సు. ఆవిడ ఉండేది ఆసుపత్రి హాస్టల్లో. మొగుడైనా సరే గేటు దాటి లోపలికి రానివ్వరు. శుక్రవారం హాస్టల్ బస్సు నర్సుల్ని బజారు చెయ్యడానికి ఊళ్లోని బతా పేటలో దింపుతుంది. ఇస్సాక్ క్యాంపు బండిలో అక్కడికి చేరుకుంటాడు. ఎవరైనా అడిగితే చూపించడానికి పెళ్లి సర్టిఫికెట్టు అరబీ తర్జుమా జేబులో పెట్టుకుని, మలయాళీ మెస్సులో ఫ్యామిలీ పరదా వెనక కూర్చుని, తాళి కట్టిన పెళ్లాంతో దొంగల్లాగా రెండు గంటలు మాట్లాడుకుని లేవడం. పెళ్లయిన దగ్గర్నుంచీ వాళ్ల కాపురం అంతే. తలుచుకుంటే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు ఆ పరదాకి కూడా ఎసరొచ్చింది. కంపెనీ కాంట్రాక్టు అయిపోవస్తోంది. లైను పూర్తవగానే క్యాంపు మొత్తానికి ఫైనల్ ఎగ్జిట్, శాశ్వతంగా దేశం వదిలి ఇంటికి పోవడమే. రూతు ఇక్కడ, ఇస్సాక్ అక్కడ. ఆవిడ జీతం మీదే రెండిళ్లు నడుస్తున్నాయి కాబట్టి ఆవిడ వెళ్లే ప్రశ్నే లేదు.

దారి చూపించినవాడు ఆఫీసు మేనేజర్ రాజ్‌కుమార్. విజయవాడ మనిషి. మంచివాడో కాదో గానీ తెలివైనవాడు.

"చూడు ఇస్సాకూ, ఖోబర్‌లో కొత్త కన్సల్టెన్సీ ల్యాండ్ స్టాఫ్‌ని తీసుకుంటోంది. ఫ్యామిలీ క్వార్టర్స్ ఇస్తారు. రూతుకి అక్కడ ఏ హాస్పిటల్లో అయినా ట్రాన్స్‌ఫర్ దొరుకుతుంది. కాకపోతే అసోసియేషన్ మెంబర్ కానివాణ్ణి వాళ్లు లోపలికే రానివ్వరు."

"ఏ అసోసియేషన్ సార్?"

"మనదేనయ్యా. ఆయిల్, గ్యాస్ లైన్లకి భూముల పని చేసేవాళ్ల సంఘం. నేను మెంబర్నే. నీకు ఒక పూచీ నేనిస్తాను. రెండో పూచీ మాత్రం నువ్వు పని చేసిన భూమి తాలూకు ఓనర్ ఇవ్వాలి. వీడు అబద్ధం ఆడడు, నమ్మొచ్చు అని ఇంటర్వ్యూ రోజున ఫోన్లో చెప్పాలి. అదీ రూల్."

ఇస్సాక్ మొహం వెలిగిపోయింది. అబూ ఫహద్ ఉన్నాడు కదా!

అబూ ఫహద్ డెబ్బై దాటిన రైతు. ఖర్జూరం చెట్లూ, పశువుల మేతకి బర్సీం గడ్డీ, కొన్ని గొర్రెలూ ఉన్నాయి. అన్నిటికీ ఆధారం తాత తవ్వించిన రాతి బావి. చుట్టుపక్కల అందరూ బోర్లు వేసుకున్నా ఆయన మాత్రం ఆ బావిని వదల్లేదు. లైను కోసం మొదటిసారి వెళ్లినప్పుడు కుదరదు పొమ్మన్నాడు. ఇస్సాక్ మళ్లీ మళ్లీ వెళ్లాడు. చివరికి లైను బావికి దూరంగా, చెట్ల వరసకి అవతలనుంచి పోతుందని మాటిస్తే దిగొచ్చాడు. ఆ తర్వాత ముసలాయనకి ఇతను ఎంత ఇష్టమైపోయాడంటే, ఇసహాఖ్, ఇసహాఖ్ అంటూ రూతుకి ఇమ్మని డబ్బాలతో ఖర్జూరాలు పంపేవాడు.

ఆ శుక్రవారం పరదా వెనక ఈ సంగతి చెప్తే రూతు కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

"నిజంగానేనాండీ? మనకంటూ ఒక వంటిల్లుంటుందా?"

"ఉంటాది. చేపల పులుసు ఒండుదువు గానిలే."

"ఒండుతాను. ముందు మీరు ఆ మెతుకులు వదిలేయకుండా తినండి. ఎముకలు లెక్కెట్టొచ్చు మిమ్మల్ని చూత్తే."

ఇస్సాక్ నవ్వాడు. అన్నాళ్లలో అతను అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

అంతా బాగానే ఉందనుకుంటుండగా రాజ్‌కుమార్ మళ్లీ పిలిచాడు. ఈసారి తలుపు వేయమన్నాడు. పడమటి వైపు డెయిరీ ఆసాములు పలుకుబడి గలవాళ్లు, వాళ్లు అడ్డం తిరిగారు. లైను ఇటు జరపాల్సి వచ్చింది. కొత్త గీత సరిగ్గా అబూ ఫహద్ బావి పక్కనుంచి పోతోంది.

"ఆయనకి చెప్పాలి కదండీ సార్."

"చెప్పు. చెప్తే ఒప్పుకోడు. ఒప్పుకోనివాడు నీ గురించి ఫోన్లో ఏమంటాడో అదీ ఆలోచించుకో. ఆయన సంతకం పెట్టిన దాంట్లో నా పొలంలోంచి పోవచ్చు అనే ఉంది, ఎక్కడ్నుంచి అని లేదు. లీగల్‌గా మనకి ప్రాబ్లం లేదు. బావికేం కాదని ఇంజనీర్ కూడా అంటున్నాడు."

"నేను మాటిచ్చాను సార్."

"నేను నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు ఇస్సాకూ. నోరు మూసుకోమంటున్నాను."

ఇస్సాక్‌ని చెడ్డవాడనడానికి నోరు రాదు. రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి ఒక నిర్ణయానికొచ్చాడు. ముసలాయనకి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, కాళ్లు పట్టుకుంటాను, ఆ తర్వాతే పూచీ అడుగుతాను అనుకుని సాయంత్రం బయల్దేరాడు. అనుకున్నప్పుడు మాత్రం మనస్ఫూర్తిగానే అనుకున్నాడు, పాపం.

అక్కడ ఒక పద్ధతుంది. ఎవరింటికైనా మనవి పెట్టుకోవడానికి వెళ్తే, వాళ్లు పోసిచ్చిన కాఫీ తాగకుండా ఆ చిన్న కప్పుని, ఫింజాన్‌ని, కింద పెట్టేస్తారు. వచ్చినవాడికి ఏదో కావాలని ఇంటాయనకి అర్థమవుతుంది. 'తాగు' అన్నాడంటే అడిగింది ఇచ్చినట్టే. ఆ మాట ఇక వెనక్కి తీసుకోరు. తీసుకుంటే ఆ ఇంటికి తలవంపులు. ఆ పనిలో ఉన్న తెలుగువాళ్లందరికీ ఈ పద్ధతి వచ్చు. అరబీ సరిగ్గా రాకపోయినా ఇది మాత్రం వచ్చు.

ఇస్సాక్ ఫింజాన్ ముందు పెట్టుకుని తల దించుకున్నాడు. అబూ ఫహద్ చూసి పకపకా నవ్వాడు.

"నువ్వు కూడా నేర్చేశావా ఇవన్నీ! తాగు ఇసహాఖ్. ఇచ్చేశాను."

"ఏమిటో వినకుండానే?"

"నువ్వు అడిగేది ఎంతుంటుంది? తాగు, చల్లారిపోతుంది."

అప్పుడైనా చెయ్యి ఆపాల్సింది. ముందు వినండి బాబాయ్ అని గట్టిగా ఒక్క మాట అనాల్సింది. కానీ ఆయన మాటలోని ఆ చనువుకి ఇస్సాక్ గుండె మెత్తబడిపోయింది, భయమూ వేసింది. ఫింజాన్ ఎత్తి గటగటా తాగేశాడు. తాగాక నోట్లోంచి వచ్చింది చిన్న మనవి. సంఘంలో చేరాలి, మీరు నా గురించి ఫోన్లో ఒక మాట చెప్పాలి, నిజాయితీ గలవాడనాలి.

"ఓస్, ఇంతేనా? ఇది మనవి ఎలా అవుతుందయ్యా, ఉన్న మాటేగా! చెప్తాను. నా మాట." ముసలాయన గడ్డం నిమురుకుంటూ అతని మొహంలోకి చూశాడు. "ఇంకేమైనా ఉందా?"

బావి మాట నోటి దాకా వచ్చింది. వచ్చింది గానీ అక్కడే ఆగింది. ఖోబర్ ఇల్లు, రూతు, వంటిల్లు అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

"లేదు," అన్నాడు ఇస్సాక్.

పదిహేను రోజులకి యంత్రాలొచ్చాయి. నేల కింద గట్టి రాయి తగిలితే దాన్ని పగలగొట్టే యంత్రం పెట్టి పగలంతా దడదడలాడించారు. మూడో నాటికి బావి గోడ ఒక పక్క లోపలికి జారింది. నీళ్లు ఎటు పోయాయో పోయాయి. అడుగున బురద మిగిలింది. బావికేం కాదన్న ఇంజనీరు వచ్చి, తొంగి చూసి, పాత బావులింతే అని చెప్పి వెళ్లిపోయాడు. మనిషన్నవాడు ఆ మాట ఎలా అనగలిగాడో! వేసవి ఎండకి బర్సీం వారంలో మాడిపోయింది. గొర్రెల్ని తోలుకుపోయి అమ్మేశారు.

ఒక మధ్యాహ్నం అబూ ఫహద్ క్యాంపు గేటు దగ్గరికి వచ్చాడు. కేకలు వేయలేదు. ఇసహాఖ్ ఉన్నాడా అని వాచ్‌మన్‌ని అడిగి ఎండలో నిలబడ్డాడు. ఇస్సాక్ మెస్సు కిటికీలోంచి చూశాడు. లేడని చెప్పమని కబురు పంపాడు. అది రెండో అబద్ధం. ముసలాయన ఇంకాసేపు నిలబడి, తన పాత బండి ఎక్కి వెళ్లిపోయాడు. ఆ రోజు మెస్సులో ఏం వండారో కూడా ఇస్సాక్‌కి గుర్తులేదు.

ఇంటర్వ్యూకి వెళ్లకుండా ఉందామనుకున్నాడు. అనుకున్నాడే గానీ ఇస్త్రీ చొక్కా వేసుకుని రైలెక్కాడు. అంత జరిగాక ముసలాయన తిట్టి తీరతాడు, తిడితే బాగుండును, పీడా పోతుంది అని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాడు. అందులో నిజమెంతో అతనికే తెలియదు.

ఖోబర్‌లో సంఘం వాళ్ల గదిలో ఒక ఈజిప్టు ఆయన స్పీకరు మీద అబూ ఫహద్‌కి ఫోన్ కలిపాడు. సలామ్‌లయ్యాయి.

"ఇసహాఖ్ అనే ఇతను మీ భూమి పని చేశాడు కదా. నమ్మదగినవాడేనా?"

ఇస్సాక్ స్పీకరు వైపు వంగాడు.

"నమ్మదగినవాడు. నిజాయితీ గలవాడు. రాసుకో."

"మీకు ఎప్పుడైనా అబద్ధం చెప్పాడా?"

"అతను నా ఇంటికొచ్చి నన్ను ఒకటి అడిగాడు. ఇస్తానని మాటిచ్చాను. నేనిచ్చిన మాట ఇదిగో, చెప్పాను. అంతకంటే నన్నడక్కు. మా ఇంట్లో మాట తప్పిన మగాడు లేడు."

ఫోన్ పెట్టేశాడు. ఈజిప్టు ఆయన నవ్వుతూ, "ఈ పాతకాలం వాళ్లింతే, ఏదడిగినా చుట్టూ తిప్పి చెప్తారు," అని కాగితం మీద ముద్ర వేశాడు. చెయ్యి చాచి అభినందనలన్నాడు. ఇస్సాక్ ఆ చెయ్యి పుచ్చుకున్నాడు. పుచ్చుకోక ఏం చేస్తాడు?

ఆ ముద్రతో కన్సల్టెన్సీ ఉద్యోగమూ, క్వార్టరూ ఖాయమయ్యాయి. శుక్రవారం బతాలో రూతు ఆ మెంబర్‌షిప్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసుకుని కళ్లకద్దుకుంది. పరదా వెనక చప్పుడు కాకుండా ఏడ్చింది, నవ్వింది. ఏ గిన్నెలు కొనాలో, ఏవి నోయెల్ చేత పంపించమనాలో గబగబా చెప్పుకుపోయింది. ఆ తర్వాత అంది.

"ఏవండీ, పెద్దాయన్ని ఒకసారి చూసి దణ్ణం పెట్టుకుని రావాలండీ. ఆయన మాట మీదే కదా మనకి ఇల్లొచ్చింది. ఏం పట్టుకెళ్దాం?"

"ఒద్దులే."

"అదేంటండీ? మనిషి జన్మెత్తాక ఆమాత్రం ఉండొద్దూ?"

"ఆయన అక్కడ లేడు. పొలం ఒదిలేసి కొడుకింటికి ఎల్లిపోయాడు."

"అయ్యో, ఎందుకనీ? బావిలో నీళ్లు తీపి అని గొప్పగా చెప్పుకునేవాడన్నారు కదా!"

ఇస్సాక్ చెప్పేశాడు. ముసలాయన ముందు రాని మాటలన్నీ ఇక్కడ వచ్చాయి. ఫింజాన్ సంగతీ, బావి సంగతీ, గేటు సంగతీ, ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యాక రూతు కార్డు తీసి బల్ల మీద అతని వైపుకి జరిపింది.

"నీ కోసమే రూతూ," అన్నాడు. "నిన్నొదిలి ఉండలేక."

"నా పేరు చెప్పకండి," అంది రూతు. కోపంగా అనలేదు, నర్సులు జ్వరం ఎంతుందో చెప్పినట్టు అంది. "నన్నడిగి చేశారా? అడిగుంటే ఊరెళ్లిపోండి, ఎన్నేళ్లయినా సరే ఇలాగే ఉందామని చెప్పేదాన్ని. నా పేరు మాత్రం చెప్పకండి."

"ఖోబర్ రావా మరి?"

"రాకేం చేత్తాను? ట్రాన్స్‌ఫర్ పెట్టేశాను కదా. వస్తాను."

బస్సు హారన్ కొట్టింది. రూతు సంచి సర్దుకుని లేచింది. జనంలోంచి నడుచుకుంటూ వెళ్లి బస్సెక్కి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది. ఇస్సాక్‌కి ఆవిడ తలమీది నల్లగుడ్డ మాత్రం కనిపించింది. ఇక నెలాఖరు నుంచి ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. రోజూ పొద్దున లేస్తూనే ఆవిడ మొహం చూడాలి. ఇన్నేళ్లూ దానికోసమే ఏడ్చిన మనిషికి, ఆ సంగతి తలుచుకుంటే మొదటిసారి భయం వేసింది.