అల్లం వేరు కాదు

ఆ సంఘం పేరు ‘వేరు’. పేరు పెట్టిన తొలితరం పిల్లల ఉద్దేశం తేటతెల్లం: మేం మీలాంటివాళ్లం కాదు, వేరు. ఆడపిల్లను ప్రేమించిన ఆడపిల్లలు, మగపిల్లాడి కోసం నిద్ర మానుకున్న మగపిల్లలు, పుట్టగానే వేసిన ఆడా మగా ముద్ర తమకు నప్పలేదని తేల్చుకున్నవాళ్లు అందులో సభ్యులు. విశ్వవిద్యాలయంలో ఒక గది ఇమ్మని అడగబోతే, అప్పటి రిజిస్ట్రారు కళ్లద్దాల పైనుంచి చూసి, “ఏ మొక్కల వేరు బాబూ?” అన్నాడట. అడగడానికి వెళ్లిన కుర్రాడు, “అన్ని మొక్కలవీ సార్,” అన్నాడట. అంతే, వృక్షశాస్త్ర విభాగం వెనక, పగిలిన పూలకుండీల పక్కగది వాళ్లకు దక్కింది, గుమ్మం మీద ‘వేరు’ అని బోర్డు పడింది.

అబద్ధం ఆడాక దాన్ని పెంచి పోషించాలి కదా! ఏటా వేర్ల ప్రదర్శన పెట్టక తప్పలేదు. క్యారెట్లు, ముల్లంగి, బంగాళాదుంపలు, అల్లం బల్ల మీద పేర్చి, మహా పండితుల్లా ముఖాలు పెట్టుకుని నిలబడేవారు. తలుపు వేశాక అదే బల్ల చుట్టూ చేరి హక్కుల ఊరేగింపులకు నినాదాలు రాశారు, హాస్టల్ నుంచి గెంటేసిన స్నేహితుడి కోసం వార్డెన్‌తో ఎలా పోట్లాడాలో మాట్లాడుకున్నారు, కరువుతీరా ఏడ్చారు. ఊరేగింపులో ఎవరూ గుర్తుపట్టకుండా ముఖాలకు కట్టుకున్న గుడ్డలు ఆ గదిలోకి వచ్చాకే విప్పేవారు.

ఇప్పుడు ఆ సంఘానికి కార్యదర్శి, అందరూ ‘పొట్టి’ అని పిలిచే అమ్మాయి. ఆమెకు ఆ గదంటే ప్రాణం. ‘పొడుగు’ చెయ్యి పట్టుకుని కూర్చోగలిగిన చోటు ఆమెకు అదొక్కటే. పొడుగంటే ఆమె ప్రేమించిన పిల్ల. బయట ఎవరైనా అడిగితే మాత్రం ఇద్దరూ ఒకే గొంతుతో “రూమ్మేట్లం” అంటారు.

ఇంతలో పిడుగులాంటి కబురు వచ్చింది. పని చేయని సంఘాల గదులను కొత్త రిజిస్ట్రారమ్మ లాగేసుకుంటోందట. ఈసారి ప్రదర్శనకు స్వయంగా వస్తుందట. ఆవిడ బతుకంతా వృక్షశాస్త్రం చెప్పి ఆ కుర్చీలోకి వచ్చిందన్న ముక్క మాత్రం పొట్టికి ఎవరూ చెప్పలేదు.

ఆవిడ వచ్చింది. బల్ల ముందు ఆగి అల్లం కొమ్ము చేతిలోకి తీసుకుంది.

“ఏంటిది?”

“అల్లం వేరు మేడమ్,” అంది పొట్టి ధీమాగా.

“అల్లం వేరు కాదమ్మాయ్, కాండం. మట్టిలో ఉంటుంది కాబట్టి అందరూ వేరనుకుంటారు. బంగాళాదుంపా అంతే. అసలు మీలో వృక్షశాస్త్రం చదివేవాళ్లెవరు?”

ఒక్క చెయ్యీ లేవలేదు. పొడుగు సగం ఎత్తి, చెవి గోక్కుని దించేసింది.

“బోర్డు మీద ఒకటి, లోపల ఇంకొకటీనా? దొంగ సంఘాలకు గదులివ్వను. ఖాళీ చేయండి.”

తప్పయిందని చెప్పి, రేపు నాలుగు చిలగడదుంపలు తెస్తామంటే గది నిలుస్తుందేమో. ఆ మాట పొట్టి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇంకా ఎన్నాళ్లు దుంపల చాటున బతకాలి? ఆమెకు ఒళ్లు మండింది.

“బోర్డు మీద అబద్ధం లేదు మేడమ్. అబద్ధమంతా బల్ల మీదే ఉంది. మేం వేరు. ఈ అమ్మాయి నా రూమ్మేటు కాదు, నేను ప్రేమించిన మనిషి. ఇక్కడున్నవాళ్లందరిదీ ఇలాంటి కథే.”

రిజిస్ట్రారమ్మ గుమ్మం దాకా వెళ్లి, బోర్డును మళ్లీ చదివి వచ్చింది.

“అంటే ఇన్నేళ్లూ... ఆ వేరా?”

“ఆ వేరే మేడమ్.”

ఆవిడ పెదాలు అదిరాయి. కోపమనుకున్నారు అందరూ. తీరా చూస్తే అది నవ్వు, ఆవిడ ఆపుకోలేకపోతోంది.

“మీ సంఘం మీరు నడుపుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా శాస్త్రం పరువు తీశారే, అందుకు మాత్రం క్షమించను. ముందు ఈ బల్ల తీసేయండి. ఇంకెవరూ పొరబడకుండా బోర్డు మీద స్పష్టంగా రాయండి, నేనుండగానే.”

“అయితే ఇకమీదట ఈ కూరగాయలు మా ఇంటికి రావన్నమాట!” అన్నాడు ఆవిడ వెంట వచ్చిన అటెండరు దిగులుగా.

పొట్టి రంగుడబ్బాతో స్టూలెక్కింది. వరండాలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. పడిపోకుండా పొడుగు ఆమె నడుం పట్టుకుంది. అక్షరాలు వంకర పోయాయి గానీ, వరండా ఆ కొస నుంచి కూడా కనబడేంత పెద్దగా వచ్చాయి. ‘వేరు’ కింద ఇలా రాసింది: ‘మొక్కలది కాదు. మేమే.’

పొట్టి స్టూలు దిగింది. పొడుగు ఆమె నడుం మీంచి చెయ్యి తీయలేదు.