కదలని పిల్ల

పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో ధ్యానం నేర్పే మేడమ్‌కు ఒక పద్ధతి ఉండేది. మౌనంగా కూర్చునేటప్పుడు మైకులన్నీ కట్టేయాలి, కెమెరాలు మాత్రం తెరిచే ఉంచాలి. చివర్లో, ఎవరు కదలకుండా కూర్చున్నారో చూసి అందరి ముందూ మెచ్చుకునేది. బతుకులో ఏ కష్టమొచ్చినా తట్టుకునే నేర్పు ఇదేనని ఆమె గట్టి నమ్మకం.

ఆ మెప్పు ఎప్పుడూ ఒక పిల్లకే దక్కేది. ముఖం మీద ఈగ వాలినా ఆ పిల్లకు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. తోటివాళ్ళు ‘బొమ్మ’ అని పేరు పెట్టేశారు.

“మేడమ్, బొమ్మకు బ్యాటరీ అయిపోయిందేమో,” అన్నాడొకడు ఆ రోజు.

“నీకు అయిపోయినా బాగుండు, కాసేపు నోరు మూతపడేది. కళ్ళు మూసుకోండర్రా. ఏది వచ్చినా చూడండి, పోనివ్వండి.”

మామూలుగా తనూ కళ్ళు మూసుకునేది. ఆ రోజు పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిందేమో, మనసు నిలవక కళ్ళు తెరిచింది. తెర మీద బొమ్మ వెనక తలుపు తెరుచుకుంది. ఒకడు వచ్చి, పిల్ల జుట్టు పట్టి వెనక్కి గుంజి, చెంప మీద కొట్టాడు. మళ్ళీ కొట్టి వెళ్ళిపోయాడు. పిల్ల కళ్ళు తెరవలేదు. తల సర్దుకుని, ఊపిరి పీలుస్తూ కూర్చుంది.

మేడమ్ వెంటనే ఆ పిల్లనొక్కదాన్నీ తెర మీదే విడి గదిలోకి మార్చి మైకు తెరవమంది.

“ఎవరమ్మా అతను?”

“మా అమ్మ మళ్ళీ చేసుకున్నాయన, మేడమ్.”

“ఎప్పుడూ ఇంతేనా?”

“ఇప్పుడు నయం మేడమ్. ఇదివరకు ఏడిచేదాన్ని, ఏడిస్తే ఇంకా కొట్టేవాడు. మీ క్లాసులో చేరాక అలవాటైంది. వచ్చింది చూసి పోనిస్తున్నా.”

మేడమ్ మెచ్చుకుంటుందని ఆ ముఖం ఎదురు చూస్తోంది.

“ఇది పోనిచ్చేది కాదు తల్లీ. ఈసారి వస్తే గట్టిగా అరువు. బయటికి పరిగెత్తు. వింటున్నావా?”

పిల్లకు అర్థమైనట్టు లేదు. మేడమ్ రెండో ఫోన్లో బడి హెడ్‌మిస్ట్రెస్‌ను పట్టుకుని, ఇంటి అడ్రసు చెప్పమని, పోలీసులను పంపమని అడుగుతుండగానే తలుపు మళ్ళీ తెరుచుకుంది.

“ఎవరికి చెబుతున్నావే ఇంటి గుట్టు?”

పిల్ల వెన్ను నిటారుగా పెట్టింది. కళ్ళు మూసుకుంది.

“లే తల్లీ, లేచి పరిగెత్తు. నా మాట విను,” గొంతు చించుకుంది మేడమ్.

పిల్ల ఉన్న గదిలో ఆమె గొంతు పెద్దగానే వినబడింది. వాడు కూడా ఒక క్షణం ఆగి పిల్ల ముందున్న ఫోను వంక చూశాడు. తర్వాత దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తెర నల్లబడేదాకా ఆ పిల్ల కదలలేదు.