సారక్కకు కోపమొస్తే

కోరుట్లల సారక్క పొద్దున లేవంగనే చాట ముందటేసుకొని బీడీలు చుట్టుడు మొదలువెడ్తది. పదిహేనేండ్ల బిడ్డ భూలచ్చి పక్కన కూసొని తునికాకు కత్తిరిస్తది. నీళ్ళు కాగవెట్టెటందుకు సారక్క ఎన్నడూ పొయ్యి ముట్టియ్యది. ఆమెకు కోపమొస్తే దగ్గరున్న నీళ్ళు వాటికవే మసుల్తయి. పెనిమిటి ఓదెలు యాదికొస్తే చాలు, ఎసరు కుతకుతమంటది.

పక్కింటి లక్ష్మవ్వ బిందె పట్టుకొచ్చి, "సారక్కా, పిలగానికి తానం పొయ్యాలె. నిన్న మీ ఆయన ఏం జేసిండో జెర చెప్పరాదే" అని అడుగుతది. సారక్క చెప్తది. లక్ష్మవ్వ వేన్నీళ్ళు మోసుకపోతది.

అవి నక్సలైట్ అన్నలు సారా బందు వెట్టిన రోజులు. కూంబింగుకొచ్చిన పోలీసోళ్ళు వాకిట్ల నిలవడి బూతులు తిడితే, వాళ్ళ సీసలల్ల నీళ్ళు మసిలి మూతలు ఎగిరినయి. సారా పోయిందని ఆడోళ్ళు సంబురపడ్డరు. కని కల్లు దుకాణం హన్మండ్లు కల్లుల మత్తెక్కిచ్చే తెల్ల పొడి కలుపుడు షురూ చేసిండు. ఓదెలు గటు మర్లిండు. కల్లు లొట్టి ఇంటికి తెచ్చుకొని, బిడ్డకు గూడ ఓ గిలాస పోసుడు అలవాటు చేసిండు.

"తాగు బిడ్డా, చేతులు జల్దిన ఆడ్తయి" అనెటోడు.

నిజంగనే ఆడినయి. ఏడాది తిరిగెసరికి తాగకుంటె ఆడకుండ అయినయి. పొద్దున గిలాస పడకపోతె భూలచ్చి వేళ్ళు వణికి ఆకు చినుగుతుండె. ఒక పగటి పూట వాకిట్లనే పడి కొట్టుకున్నది. నోట్లె నురుగులు.

సారక్క బిడ్డను లక్ష్మవ్వకు అప్పజెప్పి దుకాణానికి ఉరికింది.

"నా పోరికి ఏం తాపినవ్‌రా?"

"నేను తాపిన్నా?" అన్నడు హన్మండ్లు. "వాళ్ళ బాపు కొంటుండు, నేను అమ్ముతున్న. ఇంట్ల చూస్కోపో."

సారక్క వాని దిక్కు గుర్రుమని చూసింది. దుకాణంల లొట్లన్నీ ఒక్కసారే పొంగినయి. పటపట పగిలినయి. తాగెటోళ్ళు కాళ్ళు కాలి ఉరికిండ్రు.

ఇంటికొచ్చి చూస్తే తెలివికొచ్చిన భూలచ్చి, అటకెక్కి బాపు దాచిన కల్లు సీసను తీసి తాగుతున్నది.

"సిగ్గు లేదానే?" అని సారక్క సీస గుంజుకున్నది.

"నాకెందుకే సిగ్గు?" భూలచ్చి ఒర్లింది. "నేను తొట్లెల ఏడుస్తుంటె చెంచతోని కల్లు పోసింది ఎవ్వరు? నేను పండుకుంటె నీ బీడీలు ఒడుస్తయని! రాజవ్వ పెద్దవ్వ అంతా చెప్పింది. బాపు తర్వాత, నువ్వే ముందు!"

సారక్క చేతిల ఉన్న సీస మసలలే. చెయ్యే కాలింది. ఇన్నేండ్లు కండ్ల ముందటోళ్ళ మీదికి పోయిన కోపం ఇయ్యాల తన మీదికే మర్లింది. ఒళ్ళంత పెనం లెక్కయింది.

తలుపుకు గొళ్ళెం వెట్టి బిడ్డను అలుముకున్నది.

భూలచ్చి రక్కింది, కొరికింది, "సచ్చిపోతనే, ఒక్క గుక్క పొయ్యే" అని కాళ్ళు మొక్కింది. రెండుసార్లు మూర్ఛ వచ్చింది. సారక్క విడువలే. బిడ్డను తిట్టుకుంట, తనను తాను తిట్టుకుంట మూడొద్దులు పట్టుకున్నది. ఆ వేడికి పోరికి చెమటలు కారినయి. చెమట ఆరినకాడల్ల తోలు మీద తెల్ల పొడి తేలింది. లక్ష్మవ్వ కిటికీల నుంచి గంజి అందిచ్చి, ఆ పొడిని గుడ్డల మూటగట్టుకపోయి మోరిల పారవోసింది.

నాలుగో నాడు భూలచ్చి లేచి కూసున్నది. బువ్వ అడిగి తిన్నది. సారక్క తలుపు తీసి, గడప పక్కనే ఒరిగి నిద్రపోయింది.

ఈ మూడొద్దులు మెట్‌పల్లిల పడి తాగిన ఓదెలు మధ్యాహ్నం అక్కడి నుంచి కొత్త లొట్టి పట్టుకొని వచ్చిండు. పెండ్లాన్ని దాటి మెల్లగ లోపలికి అడుగు వెట్టిండు.

"ఎంత ఎండిపోయినవ్ బిడ్డా. జెరంత నోట్లె వోసుకుంటె పానం నిమ్మలపడ్తది" అన్నడు.

భూలచ్చి బాపు మొఖంలకు సూటిగ చూసింది.

లొట్టిల గుడగుడ మొదలైంది. నురుగు పైకొచ్చింది. చేతులు కాలి ఓదెలు "సారక్కా, వద్దే!" అని మొత్తుకుంట లొట్టి విడిచిపెట్టి వెనక్కి తిరిగిండు.

సారక్క నోరు తెరుసుకొని గాఢంగ నిద్రపోతున్నది.