బొల్లారం కేక

"బొల్లారం, బొల్లారం, బొల్లారం!"

పటాన్‌చెరు అడ్డాలో సిమెంటు దిమ్మె మీద నిలబడి షేరాటోలకు జనాన్ని పిలుస్తున్నాడు యాదగిరి. మెడకు ఎర్ర తువ్వాలు. దాని కింద, గొంతు క్యాన్సర్ గడ్డకు రేడియేషన్ కరెంటు పెట్టిన చోట, చర్మం మాడిన జొన్నరొట్టెలా ఉంది. ఒకప్పుడు ఆ కేకకు ముంబై లారీలు బ్రేకు వేసేవి. బొల్లారంలో ఏ పనీ లేనివాళ్లు కూడా ఆటో ఎక్కి కూర్చునేవారు. గొంతు బొంగురుపోయాక ఇప్పుడు పక్కనున్న మేకైనా తలెత్తడం లేదు.

"ఇగ చాలు గని, దవాఖానకు పో కాకా," అన్నాడు డ్రైవర్ జైపాల్.

దవాఖానలో అలేఖ్య అనే టెక్నీషియన్ అతని మొలతాడు తాయత్తు విప్పించి, ఎమ్మారై మిషిన్ బల్ల మీద పడుకోబెట్టింది.

"కదలొద్దు, మాట్లాడొద్దు, గుటక గూడ మింగొద్దు కాకా. గొంతు గడ్డల నీళ్లెట్ల కదులుతున్నయో మిషిన్ సూస్తది. కరెంటు పని చేస్తుందో లేదో గిప్పుడే తెలుస్తది."

పని చేయకపోతే గొంతుపెట్టె తీసేస్తారు. ఆ సంగతి యాదగిరికి తెలుసు.

మిషిన్ మొదలైంది. డబడబడబ... అచ్చం జైపాల్ ఆటోలాగే.

"బొల్లారం, బొల్లారం!"

అలేఖ్య మిషిన్ ఆపింది. "అండ్ల నువ్వే పడతలేవు, ఇంకెవర్ని ఎక్కిస్తవ్ కాకా?"

"బండి స్టార్టయింది గద బిడ్డా. నోరు ఊకుంటదా?"

ఫోటోలు చెదిరిపోయాయి. మళ్లీ తీశారు. తాను కేక వేయకుండా ఒక బండి కదలడం యాదగిరి జీవితంలో అదే మొదటిసారి. కన్నీటి చుక్క చెవిలోకి జారినా తుడుచుకోలేదు.

డాక్టరమ్మ బొమ్మలు చూసి నెమ్మదిగా చెప్పింది. "కరెంటుకు గడ్డ లొంగలేదు. ముందే తెలిసింది కాబట్టి ప్రాణానికి దారి ఉంది. రేపే చేరండి, ఆపరేషన్ చేద్దాం."

యాదగిరి ఆ బొమ్మల మీదికి వంగి చూశాడు. "చెదిరిన ఫోటోల మంచిగ ఉండెనేమో మేడం. జెర గది సూడుండ్రి."

ఆమె నవ్వలేదు.

సాయంత్రం భార్య ముత్యమ్మను ఆటోలో కూర్చోబెట్టి, యాదగిరి దిమ్మె ఎక్కాడు. ఒక్క సీటే మిగిలింది. నోరు తెరిచి పిలిచాడు. గాలి మాత్రమే వచ్చింది. ఎవరూ రాలేదు.

"గా సీటు నీదే," అంది ముత్యమ్మ. "ఎక్కరాదూ."

ఇన్నేళ్లూ డ్రైవర్ పక్కన వేలాడుతూ ఇంటికి పోయినవాడు, మొదటిసారి వెనక సీట్లో కూర్చున్నాడు. జైపాల్ బండి స్టార్ట్ చేసి, అలవాటు కొద్దీ కేక కోసం ఆగాడు. యాదగిరి గుటక కూడా మింగలేదు. కాసేపటికి ఆటో దానంతట అదే అన్నట్టు కదిలింది.

అడ్డాలో దిమ్మె మిగిలింది. దాని నడుమ, రెండు పాదాల మేర, సిమెంటు అరిగి నున్నగా మెరుస్తోంది.