మొహం కనబడని షాటు

"పోనీలే. ఏం చేస్తాం, నువ్వంటే ఇష్టం కదా!"

ఇంతే డైలాగు. ఈ కాస్త ముక్క పలకలేక పొద్దున్నుంచీ చిలక ప్రాణం విసిగిపోతోంది. తెర మీద ఎవరు పెదవులు కదిపినా మాట మాత్రం ఆమెదే కాబట్టి స్టూడియోలో అందరూ ఆమెను చిలక అంటారు. ఎంతమంది హీరోయిన్లకు గొంతిచ్చిందో ఆమెకే లెక్క తెలియదు. అలాంటిది ఇవాళ సినిమా మొత్తం అయిపోయి ఈ ఒక్క వాక్యం దగ్గర బండి ఆగిపోయింది.

"కరగాలమ్మా, కరగాలి!" అన్నాడు అద్దం అవతలి నుంచి దర్శకుడు. "అంత పగ తీర్చుకున్న పిల్ల వాడి భుజం మీద వాలిపోయింది. ఆడవాళ్ళ కోపం ఎంతసేపు? ఆ మెత్తదనం రావాలి."

సినిమా కథ అదే. ఒకే కుర్రాడు ఇద్దరు స్నేహితురాళ్ళనూ ప్రేమిస్తున్నానని నమ్మిస్తాడు. సంగతి తెలిసి ఇద్దరూ ఏకమై వాడి షాంపూలో జుట్టు రాలగొట్టే మందు కలుపుతారు, వాడి ఇంటర్వ్యూ ప్యాంటు కుట్లు విప్పుతారు. జనం పడీపడీ నవ్వాలి. ఇంతా చేసి చివర్లో హీరోయిను వాడిని క్షమించేస్తుంది. ఏం చూసి క్షమించిందో రాసినవాడికే తెలియాలి. ఆ రాసినవాడూ ఈ దర్శకుడే.

అతని పక్కన కూర్చుని మీటలు నొక్కుతున్నది ఎడిటరు. ఇప్పుడు ఎడిటింగంతా కంప్యూటరులోనే అయినా ఆమె పేరు కత్తెర. అది నాలుకను చూసి పెట్టిన పేరు. చిలకా కత్తెరా ఒకే ఏడు స్టూడియోలో అడుగుపెట్టారు. ఒకే గదిలో అద్దెకున్నారు, ఒకే గొడుగు కింద తడిశారు. ఇన్నేళ్ళూ ఎవరెవరి సినిమాలో కోసి అతికించి, పేరు మాత్రం వాళ్ళకు వదిలేసి వచ్చిన కత్తెరకు తెర మీద తన పేరు పడబోయే మొదటి సినిమా ఇదే. చిలకకూ ఈ సినిమా ముఖ్యమే. ఇది పూర్తవగానే పెళ్ళి చేసుకుందామని దర్శకుడు మాటిచ్చాడు. ఆ సంగతి కత్తెరకు తప్ప మూడో మనిషికి తెలియదు.

"ఐదు నిమిషాలు ఆగుదాం," అని దర్శకుడు మైకు మీట వదిలాడు. వదిలాననుకున్నాడు. మీట ఇరుక్కుపోయింది. చిలక చెవుల మీది హెడ్‌ఫోన్లలో అతని మాట తేటగా వినబడుతూనే ఉంది.

"వారం దాచావు, ఇంకో గంట దాచలేవా?" అంటున్నాడతను కత్తెరతో. "నిర్మాతగారి అమ్మాయితో నా పెళ్ళి ఖాయమైందని దానికిప్పుడు తెలిసిందనుకో, ఏడుపు మొదలెడుతుంది, గొంతు పోతుంది. ఈ ఒక్క డైలాగూ కానియ్. తెర మీద నీ పేరు పడాలా, వద్దా?"

కత్తెర ఏమీ అనలేదు. అదే చిలకను చంపేసింది. అతగాడి మోసం ఒక దెబ్బ, సరే. నోరు తెరిస్తే ఊరంతా వినబడే కత్తెర తల దించుకుని కూర్చోవడం ఇంకో దెబ్బ. చిలక మైకు స్టాండును పట్టుకుని నిలబడింది.

"సినిమా చూడ్డానికి నిర్మాతగారొస్తున్నారు, నేను ఎదురెళ్ళాలి. మీరిద్దరూ కానివ్వండి. గంటలో చివరి సీను అతికించి థియేటర్లోకి పంపాలి," అని దర్శకుడు హడావుడిగా వెళ్ళిపోయాడు.

"విన్నానే," అంది చిలక మైకులో.

కత్తెర ఉలిక్కిపడి మీట వంక చూసింది.

"వారం నుంచీ తెలుసా నీకు?"

"చెబుదామనే అనుకున్నానే. రోజూ అనుకున్నా."

"రోజూ నా పక్కన కూర్చుని టీ తాగావు. పెళ్ళికి ఏ రంగు చీరైతే బాగుంటుందని అడిగితే ఆకుపచ్చ అన్నావు!"

"నా పేరే..." అని మొదలుపెట్టి కత్తెర ఆగిపోయింది. ఆ మాట ఎంత నీచంగా వినబడుతుందో ఆమెకే తెలిసింది.

"ఆఁ, నీ పేరు. లైటు వెయ్."

రికార్డింగు ఎర్రలైటు వెలిగింది. చిలక కాగితంలో ఉన్నది ఉన్నట్టు, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పేసింది. కత్తెర లైటు ఆర్పబోయింది.

"ఉండు. ఇంకోటి ఉంది."

ఆ షాటులో హీరోయిను హీరో భుజం మీద తల వాల్చి ఉంటుంది. మనకు కనబడేది జడా, వీపూ. నోరు కనబడని షాటులో ఏ మాటైనా ఇముడుతుంది. డబ్బింగు గదిలో అందరికీ తెలిసిన సంగతే ఇది. చిలక కాగితం పక్కన పెట్టింది. దర్శకుడు ఫోనులో తనకు చెప్పే మాటను తెర మీది కుర్రాడికి తిరిగి అప్పజెప్పి, దానికి ఇంకో రెండు ముక్కలు కలిపింది. గొంతు వణకలేదు.

"రెండూ నీ దగ్గరే ఉన్నాయి," అంది హెడ్‌ఫోన్లు తీసి పెడుతూ. "ఏది పెడతావో నీ ఇష్టం. మొదటిది పెడితే నీ పేరుంటుంది."

తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది.

స్టూడియో థియేటరు చిన్నది. ముందు వరుసలో నిర్మాత, ఆయన కూతురు, ఆమె పక్కన దర్శకుడు. వాళ్ళ వెనక సినిమా కొనడానికొచ్చిన ఇద్దరు. చివరి వరుసలో చిలక. దీపాలు ఆరాక కత్తెర వచ్చి ఎక్కడో మూల కూర్చుంది. చిలక వైపు చూడనైనా లేదు. చూడలేదంటే మొదటిదే పెట్టిందన్నమాట అనుకుంది చిలక.

షాంపూ సీనుకు నిర్మాత కుర్చీ చేతిని దబదబా బాదాడు. ప్యాంటు సీనుకు ఆయన కూతురికి నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయి. తన గొంతుకు అంతమంది నవ్వుతుంటే చిలక మాత్రం పమిట కొంగు వేలికి చుట్టి బిగిస్తూ కూర్చుంది. మగవాడు పోతే పోయాడు, వాడి మొహం! ఇన్నేళ్ళ స్నేహం నిలుస్తుందో లేదో ఇంకో నిమిషంలో ఆ తెర చెబుతుంది. నా తల్లీ, ఆ మొదటిది పెట్టకే అని లోలోపల కత్తెరను బతిమాలింది.

చివరి సీను వచ్చింది. హీరోయిను పరుగున వెళ్ళి హీరో భుజం మీద వాలింది. జడ, వీపు. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు.

"'రోజంతా ఎన్ని గొంతులు విన్నా నీ గొంతు వింటేగాని నిద్ర పట్టదు.' ఇదేగా నువ్వు చెప్పబోయేది?" అంది తెర మీద చిలక గొంతు. "ఎంతమందికి చెప్పావురా ఈ మాట? ఇకనుంచి మేలుకునే ఉండు!"

వెంటనే షాటు మారింది. హీరో ఆమెను ఎత్తుకుని తిప్పాల్సిన చోట ఏదో పాటలోంచి తెచ్చిన ముక్క పడింది. ఇద్దరు స్నేహితురాళ్ళూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని పకపకా నవ్వుతూ వీధిలో పరుగెడుతున్నారు.

చిలక ఊపిరి పీల్చింది. దర్శకుడు చివాలున లేచాడు. "ఏయ్, ఎవరు..." అంటుండగానే నిర్మాత చప్పట్లు కొట్టాడు.

"అదీ దెబ్బంటే! కథ చెప్పినప్పుడు ఇలా లేదే? ఎవరిదయ్యా ఈ ఐడియా?"

సినిమా కొనేవాళ్ళిద్దరూ తలలూపారు. దర్శకుడి నోటిదాకా వచ్చిన తిట్టు వెనక్కి పోయింది. గుటక మింగి, మొహానికి నవ్వు పులుముకున్నాడు.

"నాదే సార్."

"మాట కూడా మీరు రాసిందేనా?" అని అడిగింది నిర్మాత కూతురు. ఆమె నవ్వడం లేదు.

"నాదే," అనేశాడు పొగడ్త రుచి మరిగి. అన్నాక అర్థమైంది. బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయాడు.

"నిన్న ఫోనులో నాకు చెప్పింది కూడా ఇదే కదూ. అక్షరం పొల్లుపోలేదు," అని ఆమె సంచీ భుజాన వేసుకుంది. "నాన్నా, సినిమా బాగుంది, కొనేవాళ్ళకు ఇచ్చెయ్యండి. ఈయన్ని మాత్రం మనింటికి తీసుకురాకండి."

ఆమె వెనక నిర్మాతా, ఆయన వెనక 'అది కాదండీ, అది కాదు' అంటూ దర్శకుడూ బయటికి పోయారు. తెర మీద పేర్లు ఎక్కుతున్నాయి. చిలక కత్తెర పేరు కోసం చూసింది. అది రావలసిన చోట రాలేదు. అక్కడ 'గొంతు' అని ఉంది. దాని కింద చిలక సొంత పేరు, అమ్మానాన్నలు పెట్టిన పేరు. అంత పెద్ద అక్షరాల్లో దాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

కత్తెర వచ్చి రెండు కుర్చీలు వదిలి కూర్చుంది.

"నీ పేరేదే?" అంది చిలక.

"ఎలాగూ ఇవాళ్టితో గెంటేస్తారు కదా. చోటు ఖాళీగా ఎందుకుండాలని." కత్తెర చేతులకేసి చూసుకుంది. "వాడే తనదని ఒప్పుకుంటాడని నాకేం తెలుసు!"

చిలక నవ్వబోయి ఆపుకుంది. "వారం దాచావే."

"దాచాను." కత్తెర కళ్ళనీళ్ళు బొటబొటా రాలాయి. చిలక లేచి పక్క కుర్చీలోకి వచ్చింది.

"పోనీలే," అంది. "ఏం చేస్తాం, నువ్వంటే ఇష్టం కదా!"

కత్తెర ముక్కు తుడుచుకుని తలెత్తింది.

"ఒసేయ్, పొద్దున్నుంచీ అంతమందిమి చచ్చాం కదే, అప్పుడెందుకు పలకలేదు ఇలా?" అంది.