ఇంకా పైనే ఉన్న బంతి

శుక్రవారం సాయంత్రమైతే లువీనియాకు ఊపిరాడదు. మర్నాడు ఫుట్‌బాల్ ఆట, బంతిని చేత్తో విసిరి పట్టుకునే అమెరికా తరహాది. హెబ్రోను కాలేజీ జట్టు పిల్లలు ఆట ముందురోజు చర్చి వెనక వంటింట్లోనే తినాలన్నది నదొడ్డున ఉన్న ఆ చిన్న ఊరి ఆనవాయితీ. కోడిముక్కలు వేయించడం, ఆకుకూర ఉడకేయడం, మొక్కజొన్న రొట్టె కాల్చడం మిగతా ఆడవాళ్ళ వంతు. చిలగడదుంప ముద్ద నింపి కాల్చే 'పై' అనే తీపి వంటకం మాత్రం లువీనియాదే. అది తినకుండా మైదానంలో దిగినవాడి చేతిలో బంతి నిలవదని అలబామాలో ఆ మూలనున్నవాళ్ళందరి నమ్మకం.

"పిన్నీ, ఇంకో ముక్క," అన్నాడు డెస్మండ్. బంతి పట్టడం అతని పని.

"పోయినవారం రెండు ముక్కలు తిని రెండు బంతులు వదిలేశావు. నా 'పై' పరువు తీస్తున్నావురా నువ్వు."

"మూడు తింటే పడతానేమో."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వుల్లోనే పాస్టర్ గారు గుమ్మంలోంచి తొంగిచూసి, ఏటా అడిగే మాటే అడిగారు. "సీజన్ అయిపోయాక మొదటి శనివారం చర్చి ఎవరికీ ఇవ్వకుండా ఉంచనా, సిస్టర్?"

"ఉంచండి అయ్యగారూ," అంది లువీనియా, తల ఎత్తకుండా.

వంట చేస్తున్న ఆడవాళ్ళలో ఒకరైన హాటీ గరిటె ఆపి ఆమె కేసి చూసింది.

లువీనియా వాళ్ళన్న క్లైటస్ ఒకప్పుడు ఆ జట్టుకి బంతి విసిరేవాడు. శనివారం పొద్దున్నే అతని భుజానికి కర్పూరం నూనె రాసి పంపడం లువీనియా పని. ముప్ఫై ఏళ్ళ కిందట, సీజన్ ఆఖరి ఆట ఆఖరి క్షణంలో, తన నేస్తం ఆంబ్రోస్ కోసం ఒక బంతి విసిరాడు. అది పైకి వెళ్ళింది. కిందికి రాలేదు. చీకటి పడేదాకా చూసి జనం ఇళ్ళకు పోయారు. ఆ చలికాలం దాటకుండానే క్లైటస్ జ్వరంతో కన్నుమూశాడు. బంతి మాత్రం పైనే ఉంది.

శనివారాల్లో దాని నీడ గడ్డి మీద మెల్లగా తిరుగుతూ ఉండేది. ఆటగాళ్ళు దాన్ని తొక్కకుండా పక్కకి తప్పుకునేవారు. కాకులు కూడా అక్కడికొచ్చేసరికి చుట్టు తిరిగి పోయేవి. ఆట మొదలయ్యే ముందు రిఫరీ ఒకసారి ఆకాశం కేసి చూసి, మైదానం అంచున గట్టు మీదున్న ఆంబ్రోస్‌ని అడిగేవాడు.

"ఇంకా పైనేనా, ఆంబ్రోస్ గారూ?"

"పైనే సార్."

అప్పుడు ఈల వేసేవాడు.

ఆంబ్రోస్‌కి చదువవగానే బర్మింగ్‌హామ్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. వెళ్ళలేదు. మైదానం చూసుకునే పని అడిగి తీసుకున్నాడు. గడ్డి కోసేవాడు, సున్నం గీతలు గీసేవాడు, జనం కూర్చునే మెట్ల కింద గదిలో పడుకునేవాడు. నేలను తాకిన బంతి చచ్చినట్టే, గాలిలో ఉన్నంతవరకూ ఆట బతికున్నట్టే. ఆ ఒక్క నియమం పట్టుకుని బతికాడు మనిషి.

"వాడి ఆఖరి బంతిని నేలపాలు కానివ్వను, వీనీ," అన్నాడు క్లైటస్‌ను పూడ్చి వచ్చిన రోజు. "అది నా చేతిలో పడనీ. ఆ వెంటనే నీ చెయ్యి పట్టుకుంటాను."

"సరే," అంది లువీనియా. అప్పటికి ఆమె జుట్టు నల్లగా ఉండేది.

ఈ ఏడు ఆగస్టులో కాలేజీ పెద్దలు కూర్చుని, ఇదే ఆఖరి సీజన్ అని తేల్చేశారు. జట్టు ఉండదు. మైదానంలో హాస్టల్ లేస్తుంది.

"హాస్టల్ కప్పు మీద పడుతుందేమో," అన్నాడు ఆంబ్రోస్, ఆమె తెచ్చిన పళ్ళెం ముందు పెట్టుకుని. తినలేదు. "కప్పు మీద పడితే నేలను తాకినట్టేనా, వీనీ?"

"అలాంటివి నన్నడగకు. తిను ముందు."

సెప్టెంబరులో జట్టు వరసగా ఓడింది. అక్టోబరులో నది అవతలివాళ్ళని వానలో, బురదలో ఓడించి, మీసాల నిండా మట్టితో పాటలు పాడుకుంటూ వచ్చారు. ఆటాటకీ నీడ పెద్దదవుతూ వచ్చింది. మొదట్లో గిన్నెంత ఉండేది, ఆకులు రాలేనాటికి పళ్ళెమంత అయింది. అంటే బంతి దిగుతోందన్నమాట. ఊళ్ళో అందరూ చూశారు, ఎవరూ పైకి అనలేదు. ఆదివారం ప్రార్థనలో మాత్రం ఆంబ్రోస్ పేరు కొంచెం ఎక్కువసేపు వినిపించేది.

ఆంబ్రోస్ గట్టు వదలడం మానేశాడు. మెడ పైకెత్తి, చేతులు చాచి, పొద్దస్తమానం అలాగే నిలబడేవాడు. మెడ పట్టేస్తే లువీనియా కర్పూరం నూనె రాసేది.

"అది ఎటు పోతే అటే తిరిగి చూస్తున్నాను. ఇంకేం చెయ్యను?" అనేవాడు.

నవంబరులో ఆఖరి ఆట వచ్చింది. వేరే ఊళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళు కూడా పిల్లాపాపలతో వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. లువీనియా చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని గట్టు పక్కనే కూర్చుంది. నీడ గడ్డి మీద పడుకున్న దూడంత ఉంది.

హెబ్రోను నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. ఆఖరి అవకాశం. డెస్మండ్ పరిగెత్తాడు. బంతి అతని వెనకే వచ్చింది. అతను ఆత్రం పట్టలేక సగం దారిలోనే మెడ తిప్పి చూశాడు. అడుగు తడబడింది. బంతి వేళ్ళకి తగిలి నేలమీద దొర్లింది.

"వెనక్కెందుకు చూశావురా?" అన్నాడు కోచ్, కోపంగా కాదు, ఏడుపు గొంతుతో. "నువ్వు చూస్తూ ఉంటే అది రాదు. నీ పాటికి నువ్వు పరిగెత్తాలి."

లువీనియాకి చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. పెరట్లో బట్టలారేసే తీగ. మేజోళ్ళు ఉండ చుట్టి విసిరే అన్న. తను తొమ్మిదేళ్ళ పిల్ల. *చూడకే వీనీ, పరిగెత్తు. నువ్వు తిరిగేసరికి అక్కడుంటుంది.* బంతి విసరడం అన్న నేర్చుకున్నది తన మీదే. ఎవరికి విసిరినా అలాగే విసిరేవాడు. మనిషి ఉన్నచోటికి కాదు, మనిషి చేరబోయే చోటికి.

ప్రభువా, అనుకుంది, ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు.

లేచి సున్నం గీత దాటి మైదానంలోకి నడిచి, గట్టు మీదున్న ఆంబ్రోస్ వైపు తిరిగింది. ఆట ముగిసిందని ఈల వేయబోయిన రిఫరీ ఆమెను చూసి చెయ్యి దించేశాడు.

"ఆంబ్రోస్, చెయ్యి దించు."

"దగ్గరకొచ్చేసింది వీనీ, ఇప్పుడు దించమంటావేంటి?"

"నిలబడి ఎదురుచూసేవాడికి వాడెప్పుడూ విసరలేదు. దానికి వీపు చూపించు. పరిగెత్తు."

"నా మోకాలి సంగతి నీకు తెలీదా?"

"కుంటుకుంటూ పరిగెత్తు. వాడు అదీ లెక్క వేసే విసిరి ఉంటాడు."

ఆంబ్రోస్ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత చేతులు దించి బంతికి వీపు తిప్పాడు. ముప్ఫై ఏళ్ళలో ఆట రోజున అదే మొదటిసారి. మైదానం మధ్యకి వెళ్ళి, వంగి, బయల్దేరాడు. అది పరుగూ కాదు, నడకా కాదు. ఎడమకాలు ఈడుస్తూ, బట్టతల మెరుస్తూ, ఆ చివరికేసి వెళ్ళాడు. దూడంత నీడ గడ్డి మీంచి లేచి అతని వెనకే కదిలింది. జనమంతా చూస్తున్నారు. అతనొక్కడే చూడలేదు. చివరి గీత దాటి మైదానం వైపు తిరిగాడు.

బంతి అక్కడుంది.

రొమ్ముకి తగిలిన చప్పుడు మెట్ల మీదకి వినిపించింది. రెండు చేతులూ దాన్ని కప్పేశాయి. రిఫరీ, పాయింట్లు వచ్చాయన్న గుర్తుగా, రెండు చేతులూ పైకెత్తి చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత ఈల వేశాడు. కాకులు మైదానం మీదుగా తిన్నగా ఎగిరిపోయాయి.

ఆంబ్రోస్ మెల్లగా నడిచొచ్చి బంతిని లువీనియా చేతుల్లో పెట్టాడు. తోలు ఇంకా వెచ్చగా ఉంది. ముక్కుకి ఆనించుకుంది. కర్పూరం నూనె వాసన. ముప్ఫై ఏళ్ళ కిందటి ఆ శనివారం పొద్దున అన్న భుజానికి తను రాసినదే.



"వచ్చే శనివారం ఆట లేదు కదా," అన్నాడు ఆంబ్రోస్, ఆమె టోపీ కేసి చూస్తూ.

"లేదు."

"మరి పాస్టర్ గారు ఖాళీగా ఉంటారంటావా? ఇంత తొందరగా చర్చి దొరకదేమో. ముందు చెప్పి పెట్టుకోవాలి కదా."

"చెప్పి పెట్టాను," అంది లువీనియా.

"ఎప్పుడు?"

ఆమె బంతిని చంకలో పెట్టుకుని, రెండో చెయ్యి అతనికిచ్చింది.

"ఏటా," అంది.